అమ్మ సెలవు కూడా కలిపేనా?

మే నెల మొదటి ఆదివారం. బుచ్చయ్యపేట మండలంలో ఓ మాస్టారి ఇల్లు. పేరెందుకులెండి, చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారికి అటూ ఇటూ అలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. ఇల్లాలు పెరట్లో గేదెకి కుడితి పెడుతోంది. హైదరాబాద్ నుంచి మరిది ఫోను.

"వదినా, ఈ వేసవికి నువ్వు గరిటె ముట్టుకోవద్దు. భీమిలి దగ్గర బీచ్ రిసార్టు. రెండు రాత్రులు, మూడు పగళ్లు. గదీ, తిండీ, కాఫీ, టీ... అన్నీ కలిపే!"

"గేదెలు కూడా కలిపేనా?" అందావిడ.

మరిది నవ్వేశాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగింది. రెండు గేదెలు. ఒకటి మనిషి మారితే పాలు చేపదు. ఇంట్లో మిగతావాళ్లు సముద్రం గురించి ఆలోచిస్తుంటే, ఆ సముద్రం దాకా వెళ్లాలంటే ముందు ఏమేం సర్దాలో ఆవిడ లెక్కేసుకుంటోంది.

మాస్టారు ఖర్చెంతో అడిగారు. మూడు గదులు, ఏడుగురు మనుషులు, యాభై వేల పైచిలుకు. సగం నాది, సగం నీది అన్నాడు తమ్ముడు.

"యాబై వేలే! గేదె వచ్చేస్తాది కదరా!" నానమ్మ నోరు నొక్కుకుంది.

"అందుకేనే, ఉన్న గేదెల నుంచి వదినకి మూడ్రోజులు సెలవు" అన్నాడు మరిది. ఆ మాట దగ్గర ఇల్లంతా ఓ క్షణం ఆగింది. ఆవిడకి సెలవు అనే మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అన్నది లేదు మరి.

పూడిమడక పులిహోర

సముద్రం వాళ్లకేం కొత్త కాదు. 2022లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో బుచ్చయ్యపేటది లోపలి మండలం. చెరుకు తోటలు, వరి చేలే కానీ తీరం లేదు. అయినా ఏటా మాఘ పౌర్ణమికి ఈ ప్రాంతం వాళ్లు పూడిమడకో, రేవుపోలవరమో వెళ్లి సముద్ర స్నానం చేసి రావడం తాతల నాటి అలవాటు. ఒకప్పుడు ఎడ్లబళ్లు, తర్వాత ట్రాక్టర్లు, ఇప్పుడు ఆటోలు, వ్యాన్లు.

మాస్టారి కుటుంబమూ అంతే. ముందురోజు రాత్రే చింతపండు నానబెట్టాలి. తెల్లవారుజామున రెండింటికి లేచి పదిహేను మందికి పులిహోర కలపాలి. దద్దోజనం, గారెలు, మంచినీళ్ల డబ్బాలు, పిల్లలకి మారుబట్టలు, పెద్దావిడకి మాత్రలు. తీరానికి చేరాక అందరూ నీళ్లలోకి పరుగెడితే, సంచులూ చెప్పులూ ఎవరు చూస్తారు? ఇంకెవరు, ఆవిడే! చివర్లో ఎవరో వచ్చి కూర్చుంటే గబగబా మూడు మునకలేసి వచ్చి, తడి చీర కొంగు పిండుకుంటూ విస్తళ్లు వేసేది. ఇంటికొచ్చాక ఇసుక బట్టలు జాడించేది కూడా ఆవిడే.

ఆలోచిస్తే అదీ 'అన్నీ కలిపే' ప్యాకేజీయే. తిండి, టీ, కాపలా, లాండ్రీ అన్నీ ఉన్నాయి. బిల్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పెళ్లయిన కొత్తలో ఓసారి మాస్టారు ఆమెని రుషికొండ తీసుకెళ్లారు. కొండమీద పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టు చూపించి, "ఎప్పుడైనా ఒకరోజు ఇక్కడ ఉందాం" అన్నారు. పిల్లలు, ఫీజులు, తండ్రి వైద్యం... ఆ ఒకరోజు వాయిదా పడుతూనే ఉంది. 2021లో ఆ భవనాలనే కూల్చేశారు. తమ్ముడి ఫోను వచ్చిన రాత్రి మాస్టారికి ఆ మాట గుర్తొచ్చింది. మర్నాడే సరేననేశారు.

'ఏపీ' అంటే ఆంధ్రప్రదేశ్ కాదు!

రిసార్టు వాళ్లు పంపిన కాగితంలో ధర పక్కన 'ఏపీ' అని ఉంది. "మనం ఉండేదే ఏపీ కదా, మళ్లీ రాయడమెందుకు?" అంది నానమ్మ. హోటళ్ల భాషలో ఏపీ అంటే అమెరికన్ ప్లాన్. గదితోపాటు మూడు పూటలా తిండి. ఈపీ, అంటే యూరోపియన్ ప్లాన్ అయితే గది ఒక్కటే. సీపీ అంటే కాంటినెంటల్ ప్లాన్, గదీ ఉదయం టిఫినూ. ఎంఏపీ అంటే టిఫిన్‌తోపాటు మధ్యాహ్నమో రాత్రో ఒక పూట భోజనం. 'ఏఐ' అని ఉంటే ఆల్ ఇంక్లూజివ్. తాగేవీ, మధ్యమధ్య చిరుతిళ్లూ కూడా అందులోనే. మన దగ్గర చాలా రిసార్టులు 'అన్నీ కలిపే' అని నోటితో చెప్పి, కాగితం మీద ఏపీయో ఎంఏపీయో రాస్తాయి. రెంటికీ మధ్య తేడా చివర్లో బిల్లులో కనిపిస్తుంది.

ఈ పద్ధతి పుట్టింది యూరప్‌లో. ఫ్రాన్స్‌లో 1936లో కార్మికులకి ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టమైంది. సెలవైతే వచ్చింది, వెళ్లేదెక్కడికి? యుద్ధం ముగిశాక, 1950లో గెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం వాటర్‌పోలో ఆటగాడు స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిలో, ఆల్కూదియా తీరాన గుడారాలు వేయించి, ఒకే ధరకి బసా, భోజనమూ, ఆటలూ కలిపి ఇచ్చాడు. అదే క్లబ్ మెడ్. అక్కడ పైసలతో పనిలేదు. తర్వాతి రోజుల్లో బార్‌లో మాత్రం మెడలో వేసుకున్న పూసలే డబ్బులు! ఇంకో సంగతి కూడా ఉంది. మొదట్లో అక్కడికొచ్చిన అతిథులే వంటలోనూ గిన్నెలు కడగడంలోనూ తలో చేయి వేసేవారట. మగవాళ్లు కూడా!

మాస్టారు ఈ కథ భోజనాల దగ్గర చెబితే, ఇల్లాలు సాంబారు వడ్డిస్తూ "బాగుంది" అంది. అంతే అంది.

తెల్లవారితే ఏం చేయాలి?

గేదెల్ని పక్కింటి పిన్ని చూస్తానంది. చేపని గేదె కోసం రెండు రోజులు ముందుగా ఆమె చేతే పాలు పితికించి అలవాటు చేశారు. ప్రయాణం భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీదే. ఆ రోడ్డు గోతుల సంగతి ఆ చుట్టుపక్కల వారికి చెప్పక్కర్లేదు. చోడవరం, సబ్బవరం దాటి వెళ్తుంటే, "మన ఊరి రోడ్డు చివర ఇన్నాళ్లూ సముద్రం ఉందా!" అంది అమ్మాయి.

రిసార్టు బాగుంది. కొబ్బరి చెట్లు, ఈత కొలను, అద్దాల కిటికీ, కిటికీ నిండా సముద్రం. ఇల్లాలి సూట్‌కేసు తెరిస్తే ఆవకాయ సీసా, చేగోడీల డబ్బా, మాడుగుల హల్వా, చిన్న కరెంటు కెటిలు బయటపడ్డాయి. "ఎందుకైనా మంచిదని" అంది.

మర్నాడు నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. ముగ్గు లేదు, పాలు లేవు, పొయ్యి లేదు. ఏం చేయాలో తోచక రాత్రి తాగిన కాఫీ కప్పులు బాత్రూం బేసిన్‌లో కడిగింది. దుప్పట్లు మడతపెట్టింది. తడి తువాళ్లు బాల్కనీలో ఆరేసింది. ఇంకా అయిదే!

టిఫిన్ దగ్గర మరీ విచిత్రం. ఎవరిక్కావలసింది వాళ్లు వడ్డించుకునే బఫే. ఆవిడ మాత్రం అత్తగారికి మెత్తగా ఉన్న ఇడ్లీలు ఏరి తెచ్చింది. పిల్లలకి దోసెలు, భర్తకి పొంగల్, మరిదికి ఆమ్లెట్. అందరిదీ అయ్యాక తన పళ్లెం పట్టుకెళ్తే కుర్రాడు గిన్నెలు తీసేస్తున్నాడు. "పదిన్నరకి క్లోజమ్మా" అన్నాడు. రెండు బ్రెడ్డు ముక్కలు దొరికాయి. యాభై వేలు పోసి కొన్న సెలవులోనూ ఆవిడ చివరి పంక్తిలోనే కూర్చుంది.

చూసింది మాస్టారు కాదు, నానమ్మ. "నలబై ఏళ్లు నేనూ అలాగే తిన్నాను. ఇక్కడా అదేనా?" అంది కొడుకు వంక చూస్తూ. ఎవరూ మాట్లాడలేదు. తోటికోడలు లేచి వెళ్లి ఒక దోసె వేయించుకొచ్చింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. లెక్కల మాస్టారు కదా, చేసుకోవచ్చు... ఒకరిది దాదాపు అయిదు గంటలు, ఇంకొకరిది గంటన్నర. ఆ అయిదు గంటలకి ఆదివారం లేదు, పండగ లేదు. పండగైతే ఇంకాస్త ఎక్కువే. ఊరు మారినంత మాత్రాన అలవాటు మారదు. చేతులు వాటంతటవే పని వెతుక్కుంటాయి.

కిటికీలో సముద్రం

పదకొండింటికి గది శుభ్రం చేయడానికి ఒకామె వచ్చింది. మడతపెట్టి ఉన్న దుప్పట్లు చూసి నవ్వింది. "మీరెందుకు చేశారమ్మా, మళ్లీ విప్పి మార్చాలి" అంది. మాటల్లో పడ్డారు. ఆమెది దగ్గర్లోనే పల్లె. పొద్దున్న ఇంట్లో వండిపెట్టి వస్తుంది. సాయంత్రం వెళ్లి మళ్లీ వండాలి.

"రోజూ సముద్రం చూడొచ్చు నీకు" అంది ఇల్లాలు.

"కిటికీ అద్దం తుడుస్తాను కదమ్మా, కనబడుతుంది" అందామె.

ఇల్లాలు సూట్‌కేసులోంచి మాడుగుల హల్వా పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత ఏమనుకుందో ఏమో, పిల్లల్ని పిలిచి "సాయంత్రం మీతోపాటు నేనూ వస్తాను" అంది.

వచ్చింది. ఈసారి కాపలా కాయడానికి ఏమీ లేదు. గది తాళం మాస్టారి జేబులో ఉంది. చెప్పులు ఎవరివి వాళ్లు గదిలోనే వదిలొచ్చారు. గజ ఈతగాళ్లు ఉన్నచోట, వాళ్లు చూపించిన హద్దులోపల, కూతురి చెయ్యి పట్టుకుని నడుంలోతు దాకా వెళ్లింది. మూడు మునకలయ్యాయి. అలవాటుగా వెనక్కి తిరిగింది. "ఎక్కడికమ్మా, అక్కడేం పనుంది?" అంది కూతురు. మళ్లీ తిరిగింది. దీపాలు పెట్టే వేళదాకా నీళ్లలోనే ఉంది.

బయల్దేరే ముందు...

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవారు కొన్ని సంగతులు ముందే అడగాలి. రెండు రాత్రులు మూడు పగళ్లు అన్నది వినడానికే. మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చి, మూడోనాడు పదకొండింటికి ఖాళీ చేయమంటే మొత్తం 45 గంటలు. ధరలో పన్ను ఉందో లేదో కనుక్కోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి రూ.7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. పిల్లలకి ఏ వయసు దాకా ఉచితం? సీసా నీళ్లు, సాయంత్రం చిరుతిళ్లు లెక్కలోవేనా? డ్రైవరుకి తిండీ పడకా ఎక్కడ? అన్నీ ఫోనులో కాదు, రాతలో తీసుకోవాలి.

ధర ఎంతైనా సముద్రానికి ప్యాకేజీ తెలియదు. 2022 జులైలో పూడిమడక తీరంలో అనకాపల్లి ఇంజినీరింగ్ విద్యార్థులు అలలకి కొట్టుకుపోయిన విషాదం ఈ జిల్లా మరిచిపోలేదు. కాపలా లేనిచోట దిగకూడదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీది అలసిపోకుండా, నీటిపై తేలుతూ సాయం కోసం చెయ్యి ఊపాలి. ఈత వచ్చినవారు తీరానికి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి.

ఇక ఏ కాగితంలోనూ ఉండని ప్రశ్న ఒకటి ఇంట్లోనే తేల్చుకోవాలి. అందరికీ అందించే పని అక్కడ ఎవరిది? తిరిగొచ్చిన రోజు రాత్రి వంటెవరిది?

మాస్టారి ఇంట్లో ఆ రెండో ప్రశ్న గుమ్మంలోనే ఎదురైంది. సాయంత్రం నాలుగింటికి దిగారు. ఇల్లంతా దుమ్ము, సూట్‌కేసు నిండా ఇసుక బట్టలు, పెరట్లో ఆమె గొంతు విని గేదెల అరుపులు. ఆవిడ కొంగు దోపుకుని పెరట్లోకి వెళ్లింది. పాలు తీసి వచ్చేసరికి అబ్బాయి బట్టలు జాడిస్తున్నాడు. మాస్టారు ఉప్మా చేశారు. ఉండలు కట్టింది. అందరూ తిన్నారు, ఆవిడతో కలిసే.

ఆ రాత్రి మాస్టారు పాత డైరీలో ఓ పేజీ తీసి, బడిలో టైంటేబుల్ గీసినట్టు గళ్లు గీశారు. పైన 'మాఘ పౌర్ణమి, పూడిమడక' అని రాశారు. పులిహోర: నేను, తమ్ముడు. మంచినీళ్లు: అబ్బాయి. సంచులు, చెప్పుల కాపలా: గంటకొకరు, వంతులవారీగా.

అది చదివించుకుని విన్న నానమ్మ చాలాసేపు ఆలోచించింది.

"బాగుంది గానీ, పులిహోరలో ఉప్పు మాత్రం నేనే చూస్తాను. మీ ఉప్మా తిన్నాను కదా!" అంది.