టిక్కీ మోసినవాడికీ వాటా ఉన్న నగరం

నాన్న మిరప బస్తాలతో, మా మాటలో టిక్కీలతో, గుంటూరు యార్డుకు బయల్దేరితే నేనూ లారీ ఎక్కేవాణ్ణి. అమ్మ కల్లంలో, మండుటెండలో కూచుని తాలుకాయ ఏరిన సరుకు అది. ధర మాత్రం మరొకరు చెప్పేవారు. నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. దాని అద్దె, అప్పు మీద వడ్డీ మళ్లీ మా నెత్తినే.

అమరావతి మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ టిక్కీలే గుర్తొస్తాయి. రాబోయే నగరంలో కోల్డ్ స్టోరేజీ రైతు సంఘానిదే కావాలి. దాని కప్పు మీద సోలార్ పలకలు, పక్కనే కారం మిల్లు ఉండాలి. మా పత్తి ఇక్కడే దారమై చీరాల మగ్గాలకు చేరాలి. కౌలు రైతుకూ, హమాలీకీ సంఘంలో ఓటుండాలి. ఆ ఓటు లేకపోతే మిగతాదంతా దండగ.

గాలిమేడ కాదిది. పాలకేంద్రంలో పాలు పోసి వెన్న శాతాన్ని బట్టి డబ్బు తీసుకోవడం మన ఆడవాళ్లకు అలవాటే. సర్కారు పెత్తనం లేని సంఘానికి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టమే దారి చూపింది.

ఊరు కట్టుకోవడమూ మనకు తెలుసు. 1921లో మునిసిపాలిటీని కాదని చీరాల-పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లొదిలారు. ఊరి బయట పాకలు వేసుకుని, రామ్‌నగర్ అని పేరు పెట్టి, ఎండా వానా ఓర్చి దాదాపు 11 నెలలున్నారు. తగవులు తామే తీర్చుకున్నారు.

అమరావతి 2015లో రైతులు భూములిచ్చిన రాజధాని. రైతు సంఘాల గిడ్డంగులకు, మిల్లులకు దాని పటంలో ఇప్పుడే స్థలం గుర్తించాలి. వచ్చే గ్రామసభలో మీరూ ఈ మాట అడగండి.