పెళ్లిచీర దగ్గరే బేరమా?

ధర్మవరం: మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైతే చాలు, చుట్టుపక్కల పల్లెల పెళ్లివారు ధర్మవరం పట్టుచీరల అంగళ్లకు దారి తీస్తారు. పెళ్లికూతురి అలంకారంలో ఖర్చుల లెక్క ఇప్పుడు తారుమారైంది. పూలజడ, వడ్డాణం, వంకీలు గిల్టువి అద్దెకు తెస్తున్నారు. అది తప్పు కాదు, అప్పుచేసి బంగారం కొనేకంటే మేలే. రవికె మీద పూసల పనికి మాత్రం వేలు పోస్తున్నారు. దానికి ‘మగ్గం వర్క్’ అని పేరు! ఆ మగ్గం గుడ్డను బిగించి కుట్టే చట్రమే గాని చీర నేసేది కాదు. నిజమైన మగ్గం మీది చీర దగ్గరకు వచ్చేసరికి గీచిగీచి బేరం.

ఈ బేరమే మరమగ్గం చీరకు దారి ఇస్తోంది. నేతగాడు, ఇల్లాలు కలిసి రోజుల తరబడి శ్రమించి తీసిన అంచునే మరమగ్గంపై దించి చేనేత పేరుతో అంటగడుతున్నారు. 1985 నాటి చట్టం కింద 11 రకాల వస్త్రాలు చేనేతకే కేటాయించారు. అంచు, కొంగు నేసిన పట్టుచీర అందులో ఉంది. అధికారులు తనిఖీలు ముహూర్తాల రోజుల్లో చేయాలి, ఆషాఢంలో కాదు.

కొనేవారూ కొంగు చివరి పోగులు నిలువుదొకటి, అడ్డందొకటి అడిగి కాల్చి చూడాలి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది. కరిగి ముద్దకడితే పాలిస్టరే. అయితే ఈ పరీక్ష పట్టును చెబుతుంది గాని మగ్గాన్ని చెప్పదు. అందుకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు చీటీ చూడాలి, బిల్లుపై ‘చేనేత’ అని రాయించుకోవాలి. రాయనంటే లేచి రావచ్చు. ధర్మవరంలో అంగళ్లకు కొదవ లేదు.