దీర్ఘకాల పరిశీలనకు తగిన గౌరవం: యంత్రస్థితి పర్యవేక్షణ పురస్కారం మనకు చెప్పేది

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో పురస్కారాల ప్రస్తావన వచ్చినప్పుడు మన దృష్టి సాధారణంగా కొత్త వంగడం, కొత్త యంత్రం, కొత్త సాగు పద్ధతి వైపే మళ్లుతుంది. ఒకే విషయాన్ని ఏళ్ల తరబడి విడువకుండా గమనించి నమోదు చేసినవారికి దక్కే గుర్తింపు స్వల్పం. ఈ విషయంలో మన రంగానికి వెలుపలనున్న ఒక పురస్కారం ఆలోచింపదగినది. బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ ఏటా ప్రదానం చేసే పురస్కారాలలో కోమాడిట్ ప్రైజ్ యంత్రస్థితి పర్యవేక్షణ రంగానికి ఉద్దేశించినది. ఈ రంగంలో పరిశోధన, అభివృద్ధి కృషి ద్వారా పరిశ్రమకు గాని, సమాజానికి గాని మేలు చేకూర్చిన వ్యక్తికి దానిని ఇస్తారు. చేకూరిన మేలే ఇక్కడ గీటురాయి. ఈ రంగంలో మేలు ఒకటి రెండేళ్లలో తేలేది కాదు కనుక, ఆ గుర్తింపు సహజంగానే దీర్ఘకాల కృషి వైపు మొగ్గుతుంది.

యంత్రస్థితి పర్యవేక్షణ అంటే నడుస్తున్న యంత్రానికి నాడి పట్టి చూడటం. యంత్రాన్ని విప్పకుండానే దాని కంపనం, ఉష్ణోగ్రత, శబ్దం, వాడిన ఆయిల్‌లోని లోహపు రేణువులు మొదలైనవాటిని క్రమం తప్పకుండా కొలిచి, లోపం ముదరకముందే పసిగట్టడం దీని లక్ష్యం. చెప్పడానికి తేలికగానే ఉన్నా, దీనికి కావలసిన ఆధారాలను కూడగట్టడం కష్టం. మంచి బేరింగ్ చాలాకాలం చెడిపోదు. చెడిపోయే ముందు అది ఏ సూచనలు ఇస్తుందో తెలియాలంటే, అదే యంత్రాన్ని ఆరోగ్యంగా ఉన్న నాటి నుండి ఆగిపోయే వరకు వెంబడించాలి. ప్రయోగశాలలో బేరింగ్‌పై కావాలని గాటు పెట్టి, కొన్ని నెలల్లో ఫలితాలు సాధించి వ్యాసం ప్రచురించవచ్చు. దుమ్ములో, బురదలో, ఎగుడుదిగుడు బరువు కింద సహజంగా అరిగే భాగం మాత్రం తన గడువు ప్రకారమే అరుగుతుంది, పరిశోధకుని గడువును అది పాటించదు.

ఈ శాస్త్ర చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఏ స్థాయి కంపనాన్ని సహించవచ్చు, ఏ స్థాయిలో యంత్రాన్ని ఆపాలి అన్న ప్రశ్నకు రాత్‌బోన్ అనే ఇంజనీరు 1939లో మార్గదర్శక పరిమితులు ప్రచురించాడు. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే 1940వ దశకంలో డీజిల్ ఇంజన్ల ఆయిల్‌లోని లోహాలను కొలిచి అరుగుదలను ముందే గుర్తించే పద్ధతిని చేపట్టింది. 1978లో నౌలాన్, హీప్ అనే ఇద్దరు విమానయాన ఇంజనీర్లు వెలువరించిన నివేదిక ఒక పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. విమాన భాగాల వైఫల్యాలను పరిశీలించగా, వాటిలో 89 శాతం భాగాలకు 'ఇన్ని గంటలు తిరిగితే మార్చివేయాలి' అన్న వయోపరిమితి వల్ల ప్రయోజనం లేదని తేలింది. ఆ నిర్ధారణకు ఆధారం కొత్త పరికరం కాదు, ఓపికగా పేర్చిన నమోదులు.

సస్యశాస్త్రజ్ఞులకు ఇది తెలియని పాఠం కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం తరతరాల శాస్త్రవేత్తల చేతులు మారుతూ నేటికీ సాగుతున్నది. మన దేశంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత పథకం 1970లో మొదలైంది. ఆ పథకం కింద హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో మొక్కజొన్న, గోధుమ పంటలకు నత్రజని ఒక్కటే ఏటా వేసిన మళ్లలో నేల ఆమ్లత్వం పెరిగి, చివరకు దిగుబడి పూర్తిగా పడిపోయింది. తొలి రెండు మూడేళ్ల ఫలితాలతో ప్రయోగం ముగించి ఉంటే ఈ సత్యం బయటపడేది కాదు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడి నీటిపరీవాహక ప్రయోగం 1976 నుండి సాగింది కనుకనే, మెరుగైన యాజమాన్యం ఇచ్చే అధిక దిగుబడి ఒకటి రెండు మంచి వానల సంవత్సరాల చలవ కాదని నమ్మకంగా చెప్పగలుగుతున్నాం.

నేల విషయంలో అంగీకరించిన ఈ సూత్రాన్ని సేద్యపు యంత్రాల విషయంలో మనం ఇంకా అంగీకరించలేదు. దాని మూల్యం రైతు చెల్లిస్తున్నాడు. సేద్యంలో అన్నిటికన్నా విలువైనది అదును. తుపాను హెచ్చరిక వచ్చిన వారంలో వరికోత యంత్రం గేర్‌బాక్స్ పట్టేస్తే నష్టం మరమ్మతు ఖర్చుతో పోదు. పంట పడిపోతుంది, గింజ రాలుతుంది, తడిసి మొలకెత్తుతుంది. గింజ పాలు పోసుకునే దశలో సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోతే, అది తిరిగి బిగించేనాటికి పైరు కోలుకోలేని దశకు చేరుతుంది. కర్మాగారంలో యంత్రం ఆగితే ఉత్పత్తి మరుసటి రోజుకు వాయిదా పడుతుంది. పొలంలో ఆగితే ఆ పంటకాలమే చేజారిపోవచ్చు. యంత్రస్థితి పర్యవేక్షణ గురించి ఒక సస్యశాస్త్ర ఆచార్యుడు మాట్లాడవలసి రావడానికి కారణం ఇదే.

ప్రస్తుతం మన ఏర్పాట్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చూద్దాం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి కేంద్రాలు కొత్త యంత్రాలను నిర్ణీత ప్రమాణాల ప్రకారం పరీక్షిస్తాయి. అది అవసరమైన పని. అయితే ఆ యంత్రం అయిదారు పంటకాలాలు తిరిగిన తరువాత దాని బేరింగుల స్థితి ఏమిటో అటువంటి పరీక్ష చెప్పలేదు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద అద్దె యంత్రాల కేంద్రాలు ఏర్పడ్డాయి. ఒకే యంత్రం అనేక గ్రామాలలో, అనేక చేతులలో తిరుగుతుంది కనుక దాని చరిత్ర నమోదు కావడం మరింత అవసరం. ఇక విశ్వవిద్యాలయాలలో ఎం.టెక్. పరిశోధన రెండేళ్లలో ముగియాలి. ఒక విద్యార్థి కొలిచిన యంత్రాన్ని తరువాతి విద్యార్థి కొనసాగించడం అరుదు. పదోన్నతికి వ్యాసాల సంఖ్యను లెక్కించే పద్ధతిలో, పదేళ్లు ఒకే కోత యంత్రాన్ని గమనించినవానికి దక్కేది ఏముంటుంది?

అందుచేత వ్యవసాయ యంత్రాల స్థితి పర్యవేక్షణలో దీర్ఘకాల కృషికి మన విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా ఒక వార్షిక పురస్కారం నెలకొల్పాలని నా సూచన. దాని నియమాలు దాని ఉద్దేశాన్ని కాపాడేవిగా ఉండాలి. కనీసం పదేళ్ల అవిచ్ఛిన్న నమోదు ఉండాలి. ముందుగా హెచ్చరించలేకపోయిన వైఫల్యాలు కూడా అందులో దాచకుండా కనిపించాలి. పరిశోధకుడు బదిలీ అయినా, పదవీవిరమణ చేసినా ఆ నమోదులు ఇతరులకు అందుబాటులో ఉండాలి. గౌరవం ఒక్క వ్యక్తికే పరిమితం కాక, కొలతలు తీసిన క్షేత్ర సిబ్బందికి, మెకానిక్కులకు, యంత్ర చోదకులకు కూడా పేరుపేరునా చెందాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కృషి వల్ల రైతు పొలంలో పని ఆగిపోయిన రోజులు తగ్గాయా అన్న ప్రశ్నకు సమాధానం ఉండాలి.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, యంత్రాల మోడళ్లు అయిదారేళ్లకే మారిపోతుంటే పదేళ్ల వివరాలు ఎందుకన్నది. మోడల్ మారినా బేరింగ్ పగిలే తీరు, బెల్టు సాగే తీరు, ఎయిర్ క్లీనర్ గుండా చొరబడిన దుమ్ము ఇంజన్ ఆయిల్‌లో సిలికాన్‌గా బయటపడే తీరు మారవు. రెండవది మరింత బలమైనది: పురస్కారం కోసం ఓపిక పట్టేవారు ఉండరని, ఓపిక ఉన్నవారికి పురస్కారం అక్కరలేదని. ఇందులో సత్యం లేకపోలేదు. కాని పురస్కారం గ్రహీత కోసం మాత్రమే కాదు. ఏ పనిని విలువైనదిగా భావిస్తున్నదో ఒక సంస్థ దాని ద్వారా బహిరంగంగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన ఉంటే, ప్రతి ఏడాది కొత్త అంశం చేపట్టమని ఒత్తిడి ఎదుర్కొనే యువ శాస్త్రవేత్తకు పాత అంశాన్నే కొనసాగించడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

పురస్కారం ఏర్పడే వరకు వేచి ఉండనక్కరలేదు. విస్తరణ శాస్త్రవేత్తలు తమ పరిధిలోని ఒక అద్దె యంత్రాల కేంద్రంలో ఈ ఖరీఫ్ నుండే ప్రతి యంత్రానికి ఒక రిజిస్టరు తెరిపించవచ్చు. తిరిగిన గంటలు, ఆయిల్ మార్చిన తేదీ, చేతికి తెలిసిన వేడి, చోదకుడు విన్న కొత్త శబ్దం, మార్చిన భాగం, పని ఆగిన రోజులు, ఇవి రాయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. కంపన మాపకం, ఆయిల్ పరీక్ష తరువాత తోడవుతాయి. విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసంతోపాటు ఆ రిజిస్టరును కూడా తరువాతి విద్యార్థికి అప్పగించాలి. పదేళ్ల తరువాత పురస్కారానికి అర్హమైన కృషి మన దగ్గర ఉంటుందా ఉండదా అన్నది ఈ ఏడాది తెరిచే మొదటి పుటపై ఆధారపడి ఉంది.