షెడ్డు బాటకు మొరం కంటే ముందు బ్లేడు



ఇక్కడ భివండీ పద్మానగర్‌లో పవర్‌లూమ్‌ల మీద బతికే మన తెలుగువాళ్లకు కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు సొంతూళ్లున్నాయి. నేనిక్కడ మగ్గం దగ్గరుంటే, మా తమ్ముడు సిద్దిపేట పక్కన మా ఊళ్లో రెండెకరాల మల్బరీ పెట్టి పట్టుపురుగులు సాకుతున్నాడు. ఇక్కడ మేం నేసేది గ్రే బట్ట, పట్టుపోగుతో మాకు పని లేదు. అయినా ఫోన్లో మా ఇద్దరి వాదం పట్టు గురించే. ఇంకా చెప్పాలంటే, తారు రోడ్డు నుంచి షెడ్డు దాకా ఉన్న ఆరు వందల మీటర్ల మొరం బాట గురించి.

వానలు పోయేసరికి బాటంతా గుంతలే. "అన్నా, పది ట్రిప్పుల మొరం పోయిస్తే అయిపోతది" అని వాడంటాడు. మొరానికి రూపాయి పెట్టేముందు ట్రాక్టర్ బ్లేడుతో బాటకు రూపం తేవాలని నేనంటాను. ఇది మా ఇంటి గొడవే కాదు, షెడ్డు కట్టిన ప్రతి రైతూ ఆలోచించాల్సిన సంగతి, అందుకే రాస్తున్నాను.

బాటకూ పురుగుకూ ఏం సంబంధం అని అడిగేవాళ్లున్నారు. చాకీ పురుగులు రెండో జ్వరం దాటే వేళ మన షెడ్డుకు వచ్చేది ఈ బాట మీదే. గూళ్లు మార్కెట్‌కు పోయేదీ దీని మీదే. లోపలి ప్యూపా గట్టిపడకముందే గూళ్లు విప్పి, సంచుల్లో కుక్కి, గుంతల్లో ఎగరేసుకుంటూ తీసుకుపోతే ప్యూపా చితికి గూడు లోపలినుంచి మచ్చ పడుతుంది. మచ్చ గూళ్లు ఏరి పక్కన పెట్టాక జనగామ మార్కెట్‌లో ఏ ధర పలుకుతుందో మీకు నేను చెప్పాలా? దుమ్ము సంగతి ఇంకా పెద్దది. ఎండాకాలం ఒక్క ట్రాలీ పోతే బాట పక్కన నాలుగైదు సాళ్ల ఆకు ఎర్రబడుతుంది. ఆ ఆకును పురుగు సరిగా ముట్టదు. మొత్తం పంటలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ల పైన నాలుగో జ్వరం తర్వాతే తింటుంది, ఆ రోజుల్లో అన్ని సాళ్ల ఆకూ కావాలి. పైగా గ్రాసరీ రోగం క్రిములు దుమ్ములో, మట్టిలో చాలాకాలం బతికే ఉంటాయి. షెడ్డులో బ్లీచింగ్, సున్నం చల్లి గుమ్మం ముందు దుమ్ము లేపుకోవడం ఏం తెలివి?

ఇక గుంత ఎందుకు పడుతుందో చూద్దాం. బండి బరువుతో పడుతుందని అందరూ అనుకుంటారు. భివండీలో రెండు వానాకాలాలు చూస్తే ఆ అనుమానం పోతుంది. కొంకణంలో ఏటా రెండు వేల మిల్లీమీటర్ల పైనే వాన, గ్రే బట్ట బేళ్ల టెంపోలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. నీళ్లు పక్కకు జారిపోయే గల్లీ అదే బరువు కింద నిలబడుతుంది, నీళ్లు నిలిచే గల్లీ పగిలిపోతుంది. ఆ గుంతల్లో ఇటుక ముక్కలో, పేవర్ రాళ్లో వేసి పైన దులిపేస్తారు. మరో వాన పడిందా, ముక్కలు బయటికొస్తాయి, గుంత ఇంకో జానెడు పెరుగుతుంది. నీళ్లు పోయే దారి చూపకుండా గుంత నింపడమంటే, పడుగు బిగువు సరిచేయకుండా తెగిన పోగుకు ముడి వేస్తూ కూర్చున్నట్టే. మా జాబర్ అట్లా చేస్తే సేఠ్ ఒక్కరోజు కూడా ఉంచుకోడు.

మన ఊళ్లో జరిగేదీ ఇదే. గుంతలో పోసిన వదులు మొరం చుట్టూ ఉన్న గట్టి నేలతో కలవదు. గిన్నెలో పిండి పోసినట్టు ఉండి, నీళ్లు తాగి, టైరు కిందనుంచి బయటికి ఎగిరిపోతుంది.

పని చేసే తీరు వేరే. ముందు కల్టివేటర్‌తో బాటను గుంత అడుగు దాకా గీరాలి. రెండంగుళాల గుంతకు ఒక అంగుళం గీరితే గుంత మళ్లీ అక్కడే లేస్తుంది. తర్వాత వెనక బ్లేడును ఏటవాలుగా తిప్పి, అంచుల్లోకి కొట్టుకుపోయిన మొరాన్ని రెండు వైపులనుంచి నడుమకు లాగాలి. మీరు కొత్తగా కొనబోయే మొరంలో సగం ఆ అంచుల్లోనే గడ్డి కింద పడి ఉంటుంది. బ్లేడు ఒక కొస కొంచెం దిగేట్టు కుడి లింకు సర్దుకోవాలి. నడుమ మిట్ట, పక్కలకు వాలు రావాలి. నాలుగు మీటర్ల బాటైతే అంచు కంటే నడుమ ఎనిమిది సెంటీమీటర్లు, అంటే మూడంగుళాల పైచిలుకు, ఎత్తుండాలి. అడ్డంగా దారం లాగి చూస్తే తెలిసిపోతుంది. అంచున మట్టి కట్ట మిగిలిందంటే నీళ్లు బాట మీదే ఆగుతాయి, అది తప్పకుండా తీసేయాలి.

ట్రాక్టర్ లో గేరులో, మనిషి వడివడిగా నడిచే వేగంతో పోవాలి. డ్రైవర్ తొందరపడితే బ్లేడు ఎగిరెగిరి పడి బాట మీద అలలు అలలుగా వస్తుంది, బైకు మీద పోయేవాడి నడుం చెబుతుంది. లేజర్ లెవలర్ ఉన్నది గదా అని దాన్ని దింపకండి, అది మడిని చదును చేసే యంత్రం. చదును బాట నీళ్లను కదలనివ్వదు. రోటవేటర్ అసలే వద్దు, మొరాన్ని పిండి చేసి దుమ్ము పెంచుతుంది. కేజ్ వీల్స్‌తో బాట ఎక్కేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పాలో నాకైతే తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం పదును. ఎండు మొరం మీద బ్లేడు ఆడిస్తే అణగదు. మృగశిరలో తొలి వానలు పడ్డ రెండు మూడు రోజులకు ఒకసారి, దసరా అటూ ఇటూగా నేల ఆరకముందే ఇంకోసారి చేయాలి. తర్వాత లోడు ట్రాలీని ప్రతిసారీ కొంచెం జరిపి జరిపి తిప్పితే అదే రోలరు.

తమ్ముడి మాటలోనూ నిజం ఉంది. మృగశిరలో ట్రాక్టరు దొరకడం కష్టం, అందరూ దుక్కుల మీద ఉంటారు. మొరం అసలే వద్దని కూడా నేననను. ఏటా దుమ్ముగా ఎగిరిపోయిన మెత్తటి పాలు కొన్నేళ్లకోసారి తిరిగి వేయక తప్పదు. అప్పుడైనా గులకరాయి, ఇసుక, కొంచెం బంక కలిసిన మొరం చూసి తీసుకోవాలి. ఉత్త గుండ్రాయి పట్టు పట్టదు, ఉత్త బంకమట్టి వానకు బురద. కానీ రూపం లేని బాట మీద ఎంత మంచి మొరమైనా కాలువలోకే పోతుంది. ట్రాక్టరు దొరకని సమస్యకు మందు, బాట వాడే నలుగురూ కలిసి ముందే ఒక పూటకు మాట్లాడుకోవడం. ఉపాధి హామీలో వేసిన పొలం బాటలు ఎన్నో పాడైంది అందుకే: వేసేటప్పుడు అందరిదీ, గీకేటప్పుడు ఎవరిదీ కాదు.

ఈసారి నేను పంపే డబ్బు సగం బ్లేడు పూటకు, సగం షెడ్డు ముందర నీళ్లు దాటే చోట ఒక సిమెంటు తూముకు అని తమ్ముడికి చెప్పాను. పక్క పొలం మామ తన వంతు ఇస్తానన్నాడట. మిగతా ఇద్దరినీ వాడు అడగాలి.