బెయిలు లెక్క

కేసు ఏండ్ల తరబడి సాగినను, ముద్దాయి బంధువులు ప్లీడరు సత్తాను మొదటి వారములోనే తూచి చూతురు. మనిషి ఇంటికి వచ్చెనా, లేదా? వారికి కావలసినది అంతే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడుకు బదులుగా 2024 జులై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ బెయిలు వ్యవహారమును కొంత మార్చినది. 439వ సెక్షను 483 అగుట వంటి అంకెల మార్పులకు వకీళ్లు విసుగుకొనినను, అది అలవాటుతో తీరునదే.

అసలు మార్పు 479వ సెక్షనులో ఉన్నది. గరిష్ఠ శిక్షాకాలములో సగము జైలులో గడపిన విచారణ ఖైదీకి బెయిలు ఇయ్యవలెనను నియమము 2006 నుండియు కలదు. పూర్వమెన్నడును శిక్ష పడనివానికి ఆ గడువును సంహిత మూడవ వంతునకు తగ్గించినది. గడువు నిండగనే కోర్టుకు దరఖాస్తు పెట్టు బాధ్యతను జైలు సూపరింటెండెంటుపై మోపినది. ఇది పాత కేసులకును వర్తించునని 2024 ఆగష్టులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. నివాసగృహములో దొంగతనమునకు గరిష్ఠ శిక్ష ఏడేండ్లు. మూడవ వంతు 2 సంవత్సరముల 4 నెలలు. ఇక్కడ వాగ్ధాటితో పని లేదు, లెక్క చాలును. దీనితో వకీళ్ల రాబడి తగ్గునను శంక అనవసరము. మంచి ప్లీడరును పెట్టుకొనగలవాడు రెండేండ్లకు పైగా లోపల ఉండుట అరుదు.

అయితే రెండవ ఉపనియమము చదివినచో సంతోషము చల్లారును. ఒకటికంటె ఎక్కువ నేరములలోగాని, పలు కేసులలోగాని విచారణ సాగుచున్నవానికి ఈ సౌకర్యము లేదు. ఒక్క కొట్లాటకు నాలుగు సెక్షనులు తగిలించుట మన పోలీసులకు క్రొత్తయా? అక్షరార్థమే తీసికొన్నచో ఇక మిగులువారెందరు? యావజ్జీవ శిక్షకు అవకాశమున్న నేరములను సైతము ఈసారి మినహాయించిరి. పూర్వము మరణశిక్ష నేరములకే ఆ అడ్డు ఉండెడిది.

పోలీసు కస్టడీ సంగతి మరింత చిక్కైనది. పూర్వము అరెస్టు తరువాత మొదటి 15 రోజులు గడచినచో ఆ కేసులో ముద్దాయిని మరల పోలీసులకు అప్పగించుట లేదు. పదునారవనాడు ప్లీడరు ధైర్యముగా బెయిలు కోరెడివాడు. ఇప్పుడు ఆ 15 రోజులను, నేరతీవ్రతనుబట్టి, మొదటి 40 లేక 60 రోజులలో ముక్కలుగా కోరవచ్చును. కస్టడీ ఇంకను మిగిలియున్నదని ప్రాసిక్యూటరు అడ్డుపడినచో, ఆ ఒక్క కారణముతో బెయిలు నిరాకరింపరాదన్న 480వ సెక్షను వాక్యమును చూపుట డిఫెన్సు వకీలుకు ముఖ్యమైన పని అయినది.

ఉత్తరువు వచ్చినను తలుపు తెరచుకొనునని నమ్మకము లేదు. మూడవ వంతు గడపినవానిని స్వంత పూచీపై విడువవలెనని సంహిత చెప్పినను, కారణము వ్రాసి కోర్టు జామీనును కోరవచ్చును. 1978లో మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీ ఒకని వ్యవహారము సుప్రీంకోర్టుకు వచ్చినది. మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను కోరి, సోదరుడు వేరే జిల్లావాడని అతని పూచీని త్రోసిపుచ్చెను. చాందినీచౌకులో పట్టుబడిన తెలుగువాడు ఏమి చేయవలెనని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే ప్రశ్నించిరి. నెల దాటినను జామీను పెట్టలేనివాని షరతులను కోర్టు తనంత తానుగా సడలింపవచ్చునని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ మాటను మేజిస్ట్రేటు ముందు ఎత్తవలసినది మరల వకీలే. పేదవాని విషయములో అతడు న్యాయసేవాధికార సంస్థ వకీలు.