నడుము నొప్పీ ఊపిరీ: ‘అరుగుదల’ వాదంపై అభ్యంతరం

నడుము నొప్పి మూడు నెలలు దాటినా తగ్గకపోతే వైద్యశాస్త్రం దానిని దీర్ఘకాలిక నొప్పి అంటుంది. గోదావరి జిల్లాల్లో అంతకు చాలా ముందే దానికి ‘పూసలు అరిగాయి’ అన్న పేరు ఖాయమైపోతుంది. ఆ పేరు వెంట బెల్టు, మంచం, వంగరాదు, బరువెత్తరాదు అన్న నిషేధాలు వరుసగా వచ్చి చేరతాయి. అటువంటి నడుముకు మిగతా చికిత్సతోపాటు శ్వాస వ్యాయామాలు కూడా చేయించవచ్చునంటే, అరిగిన ఎముకను ఊపిరి పూడుస్తుందా అని ఎదురు ప్రశ్న వేస్తారు. పూడ్చదు, చాలామంది విషయంలో పూడ్చవలసిన అవసరమూ లేదు. నొప్పికి మూలం అరుగుదలేనన్న నమ్మకాన్నే ముందుగా పరీక్షించాలి.

నొప్పి లేని 3,110 మంది వెన్నెముక స్కానింగులను అనేక అధ్యయనాల నుండి సమీకరించి 2015లో వెలువడిన ఒక సమీక్ష, పూసల నడుమ మెత్తల్లా ఉండే డిస్కుల క్షీణత 20 ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి ఉన్నట్లు తేల్చింది. ఇంత అరుగుదలతో ఇందరు సుఖంగా తిరుగుతుండగా, స్కానింగులో కనబడిన ప్రతి మార్పునూ నొప్పికి కారణంగా చూపి రోగిని భయపెట్టడం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. సుమారు 90 శాతం కేసుల్లో దానికి ఫలానా వ్యాధి లేదా నిర్మాణలోపం కారణమని నిర్ధారించలేరు. అదే సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు బెల్టులను, ట్రాక్షన్‌ను వద్దని చెప్పి, వ్యాయామాన్నీ రోగికి అవగాహన కల్పించడాన్నీ సూచించాయి.

ఇక ఊపిరికీ నడుముకూ ఉన్న బంధం శరీర నిర్మాణంలోనే ఉంది. ఛాతీకీ పొట్టకూ మధ్య గుమ్మటంలా పరుచుకున్న కండరాల పొరను ఉదరవితానం అంటారు. అది వెనుకవైపు రెండు పాయలుగా కిందికి దిగి, కుడి పాయతో మొదటి మూడు నడుము పూసలనూ ఎడమ పాయతో మొదటి రెండింటినీ పట్టుకుని ఉంటుంది. గాలి పీల్చినప్పుడు అది కుంచించుకుని దిగడంతో ఉదరంలో ఒత్తిడి పెరుగుతుంది, పొట్ట కండరాలు, కటి అడుగు కండరాలు తోడైనప్పుడు ఆ ఒత్తిడే నడుముకు లోపలి నుండి ఆసరా అవుతుంది. నొప్పికి జడిసిన మనిషి పొట్ట బిగబట్టి పైపైన ఊపిరి తీస్తే, సడలవలసిన కండరాలు బిగుసుకునే ఉంటాయి. నిదానంగా, దీర్ఘంగా విడిచే శ్వాస గుండె వేగాన్ని తగ్గించి ఆ బిగువును, దాని వెనుక ఉన్న భయాన్ని సడలిస్తుంది.

ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో అంతవరకే చెప్పాలి. 38,000 మందికి పైగా ఆస్ట్రేలియా స్త్రీలపై జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, నడుము నొప్పికి శ్వాస ఇబ్బందులతో ఉన్న సంబంధం స్థూలకాయంతో ఉన్నదానికన్నా బలంగా కనబడింది. సంబంధం ఉన్నంత మాత్రాన అది కారణమని రుజువైనట్లు కాదు. 2005లో అమెరికాలో 36 మంది దీర్ఘకాలిక రోగులపై జరిపిన పరీక్షలో శ్వాస చికిత్స, ఫిజియోథెరపీ దాదాపు సమానమైన మేలు చేశాయి; ఆ సంఖ్య చిన్నది. 2008లో వెలువడిన బెంగళూరు అధ్యయనంలో 80 మందిలో యోగ శిబిరంలో ఉన్నవారికి ఎక్కువ మేలు జరిగింది గాని, అక్కడ ప్రాణాయామం ఆసనాలతో కలిసి ఉన్నందున దాని వాటా ఎంతో విడదీయలేము. తోడు చికిత్స అనడానికి ఈ ఆధారాలు చాలు, ఏకైక చికిత్స అనడానికి చాలవు.

ఈ తేడాను చెరిపివేసే ప్రచారకులు శ్వాస సాధనకు మేలు చేయడం లేదు. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగాసనాలు వేయడం ఘనమైన విషయమే. అయితే జనసమూహం రుజువు కాదు. ప్రాణాయామంతో జారిన డిస్కు వెనక్కి పోతుందని చెప్పేవారు, ఊపిరి వల్ల ఏమీ కాదనేవారు, ఇద్దరూ నొప్పి అంతా ఎముకలోనే ఉందని నమ్మినవారే.

అన్నవరం రత్నగిరిపై సత్యనారాయణ వ్రతానికి కూర్చునే దంపతుల చేత సంకల్పానికి ముందు పురోహితులు ప్రాణాయామం చేయిస్తారు. చాలామంది ముక్కును వేళ్లతో తాకి వదిలేస్తారు, ఊపిరి కదలదు. ఇంటింటికీ తెలిసిన ప్రక్రియ ఇలా సైగగా మిగిలిపోవడం విచారకరం, ఎందుకంటే వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్టపై చేయి ఉంచి పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసి విడవడానికి పైసా ఖర్చు లేదు. ఊపిరి బిగబట్టే కుంభకం గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారికి తగదు. కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, జ్వరం గాని అకారణంగా బరువు తగ్గడం గాని తోడైనా, ఏ శ్వాస సాధనతోనూ కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవాలి.

అటువంటి లక్షణాలు లేని నడుము నొప్పితో నాట్లకు వంగే కూలీ స్త్రీకి ‘వంగవద్దు’ అనే సలహా ఆ పూట కూలిని పోగొడుతుంది, ‘పూసలు అరిగాయి’ అనే మాట ఆమె ధైర్యాన్నీ పోగొడుతుంది. ఆమె నడుము విరిగిపోయే వస్తువు కాదని, నడక మానవద్దని, పని మధ్యలో లేచి నిలబడి రెండు మూడు నిండు ఊపిరులు తీసుకోమని ఊరి ఆరోగ్య కేంద్రంలో ఎవరో ఒకరు ఆమెకు ఓపికగా చెప్పి, చేయించి చూపాలి.