కుక్కపిల్లను ఇంటికి తెచ్చేముందు

క్రిందటి సంవత్సరం తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు విరామ సమయంలో నా దగ్గరకు వచ్చాడు. "సార్, బొచ్చు రాలని జాతి కుక్కపిల్లయితే ఎలర్జీ రాదట గదా! మా చెల్లెలికి ఆయాసం ఉంది. అలాంటి పిల్లయితే కొనిపెడతానని నాన్న అన్నాడు. తెచ్చుకోమంటారా?" అని అడిగాడు. కుక్కపిల్లలు అమ్మే ఆయన అలా చెప్పాడట. నేను వద్దన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. ఎందుకు వద్దన్నానో ఆ పది నిమిషాల్లో సరిగా చెప్పలేకపోయాను. అదే ప్రశ్న అడగాలనుకునేవారు మీలోనూ ఉంటారు కనుక ఇక్కడ కొంచెం తీరికగా చెబుతాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మనది మిరప, పత్తి పండే నేల. కళ్ళాల్లో కాయలు ఎండబోసి, తాలుకాయలు ఏరి, టిక్కీలకు ఎత్తుతున్నప్పుడు ఆ దారిన పోయే ప్రతివారూ తుమ్ముతారు. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టిన కొత్తవారికి కళ్ళు మండకుండా ఉండవు. అది ఎలర్జీ కాదు. మిరపకాయలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం ముక్కులోను, కంటిలోను ఉండే నాడుల కొనలను నేరుగా రెచ్చగొడుతుంది. రైతుకైనా, షావుకారుకైనా ఒకటే మంట. పత్తి ధూళిని ఏళ్ళ తరబడి పీల్చే మిల్లు కార్మికులకు ఛాతీ బిగదీసుకుపోవటం మరో రకం జబ్బు. సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటిరోజున అది ఎక్కువగా కనిపిస్తుంది కనుక "సోమవారం జ్వరం" అన్న పేరు వచ్చింది.

ఎలర్జీ అలా అందరినీ పట్టుకోదు. పదిమంది కూర్చున్న గదిలోకి పిల్లి వస్తే తొమ్మండుగురికి ఏమీ కాదు. పదో మనిషికి ముక్కు కారుతుంది, కళ్ళు దురద పెడతాయి, పిల్లికూతలతో ఆయాసం మొదలవుతుంది. (ఆ కూతలకు మనవాళ్ళు పెట్టిన పేరు ఎంత సరిపోయిందో చూడండి!) "ఎలర్జీ" అన్న మాటను 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే వాడుకలోకి తెచ్చాడు. హాని చేయని పదార్థాన్ని మన శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడటమే ఎలర్జీ. ఈ పొరపాటుకు మూలమైన ప్రతిరక్షకాన్ని 1966లో జపాను దంపతులు కిమిషిగె, తెరుకో ఇషిజాకాలు అమెరికాలోని డెన్వరులో పట్టుకున్నారు. అందుకోసం వారు తమ చర్మం మీదే పరీక్షలు చేసుకున్నారు! ఆ ప్రతిరక్షకం పేరు ఐజిఇ. అది కొన్ని కణాలకు అంటిపెట్టుకుని కాచుకుని ఉంటుంది. "శత్రువు" తగలగానే ఆ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను వెళ్ళగక్కుతాయి. తుమ్ములు, దురద, ఆయాసం వాటివల్లనే.

మరి పిల్లి, కుక్కల విషయంలో ఆ శత్రువు ఏది? బొచ్చు అని అందరూ అనుకుంటారు. కాదు. అది ఆ జంతువు లాలాజలంలోను, చర్మపు నూనె గ్రంథుల్లోను తయారయ్యే ప్రోటీను. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది గదా! ఆ తడి ఆరిపోయి, చర్మపు పొలుసులతో కలిసి, కంటికి కనిపించని నలుసులై గంటల తరబడి గాలిలో తేలుతుంది. గోడలకు, పరుపులకు, మన చొక్కాలకు అంటుకుంటుంది. పిల్లిని ఎన్నడూ చూడని బడిగదిలో కూడా ఈ ప్రోటీను దొరికింది. పిల్లిని పెంచే పిల్లల బట్టలమీద అది బడికి వచ్చింది. ఇక బొచ్చే లేని పిల్లి జాతి కూడా ఒకటి ఉంది. దానికి నాలుకా ఉంది, చర్మమూ ఉంది. కనుక ఎలర్జీ తెప్పించకుండా పోదు.

2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా కూతురికి ఎలర్జీ ఉన్నదని, బొచ్చు తక్కువ రాలే పోర్చుగీసు జాతి కుక్కను తెచ్చారు. ఆ వార్తతో అలాంటి జాతులకు పేరు పెరిగింది. అయితే 2011లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు అటువంటి కుక్కలున్న ఇళ్ళలోను, మామూలు కుక్కలున్న ఇళ్ళలోను దుమ్ము తీసి పరీక్షించారు. కుక్క ప్రోటీను మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరుసటి ఏడు నెదర్లాండ్సులో పరీక్షిస్తే, "ఎలర్జీ రానివి" అని పేరుపడ్డ జాతుల బొచ్చులోనే ఆ ప్రోటీను ఎక్కువగా ఉందని తేలింది. ఒకే జాతిలో ఒక కుక్కకూ మరొక కుక్కకూ మోతాదు మారుతుంది, నిజమే. కాని జాతి పేరు చూసి పూచీ ఇవ్వటం వ్యాపారమే తప్ప శాస్త్రం కాదు.

పెద్దవాళ్ళు ఇక్కడ ఒకమాట అంటారు: "మేము గేదెల మధ్య, కోళ్ళ మధ్య పెరిగాం. మాకు ఏ ఎలర్జీలూ లేవు." ఆ మాటలో సత్యం లేకపోలేదు. అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు వ్యవసాయ తెగలున్నాయి. ఆమిష్ వారి పిల్లలు పశువుల కొట్టాల దగ్గరే పెరుగుతారు, హటరైట్లవి యంత్రాలతో నడిచే పెద్ద క్షేత్రాలు. 2016లో ప్రకటించిన అధ్యయనంలో ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం నూటికి 5 మందికి, హటరైట్ పిల్లల్లో 21 మందికి కనిపించింది. అయితే అది పుట్టినప్పటినుంచి కొట్టాల మధ్య పెరగటం గురించిన సంగతి. ఇప్పటికే ఆయాసపడుతున్న పన్నెండేళ్ళ చెల్లెలి పక్కలోకి కుక్కను తెస్తే ఆమె కుదుటపడుతుందని కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మా అమ్మాయి చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక పిల్లి ఉండేది. మిరప బస్తాలున్న ఇల్లు, ఎలుకల కోసం పెంచాం. అది అమ్మాయి పక్కమీదనే పడుకునేది. అమ్మాయికి రాత్రుళ్ళు దగ్గు, ఆయాసం. ఎవరో పిల్లివల్ల అన్నారు. ఏ పరీక్షా లేకుండానే దాన్ని గోతాంలో కట్టి కాలువ అవతల వదిలి వచ్చాం. సైన్సు టీచర్ని, నేను కూడా సరేనన్నాను. గోతాంలో అది అరిచిన అరుపు ఇప్పటికీ మరచిపోలేదు. నెల గడిచినా ఆయాసం తగ్గలేదు. "పాపం, దాని తప్పేమీ లేదురా" అని మా అమ్మ బాధపడింది. పిల్లి వెళ్ళిపోయిన తరువాత కూడా దాని ప్రోటీను ఇంట్లో నాలుగైదు నెలలు నిలిచి ఉంటుందని నేను చదివింది చాలాకాలానికి. నిజంగా దాని దోషమో కాదో మాకు ఈనాటికీ తెలియదు. ఆ ఇంట్లో దుమ్ముపురుగులూ ఉన్నాయి, బొద్దింకలూ ఉన్నాయి, పెరడు నిండా వయ్యారిభామ ఉంది. ఏదైనా కావచ్చు.

అందుకే నా అభిప్రాయం ఇది. ముందు దోషి ఎవరో తేల్చుకోండి. చర్మంమీద చుక్కవేసి, సూదితో గీరి చూసే పరీక్ష ఉంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అది వైద్యుడు చేయవలసిన పని. మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాదు రైలెక్కేవారు మన ఊళ్ళలో ఉన్నారు గాని, పక్కమీద ఏం పడుకుంటున్నదో చూసుకునేవారు తక్కువ. పరీక్షలో కుక్క అని తేలితే, ఏ జాతి కుక్కనూ తేవద్దు. తేలకపోయినా తొందరపడవద్దు. కొత్త జంతువుమీద ఎలర్జీ నెలలు గడిచాక కూడా పుట్టవచ్చు. అప్పటికి కుక్కపిల్ల మిమ్మల్ని తల్లీతండ్రీ అనుకుంటుంది. దాన్నెక్కడ వదులుతారు?

చేపల తొట్టి కొంత నయం. వాటికి వేసే ఎండు నీటిపురుగుల మేత కొందరికి పడదు కనుక ఆయాసం ఉన్నవారు మేత వేయకూడదు. పావురాల రెట్ట, ఈకల ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. రామచిలుకను, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచటం చట్టరీత్యా నేరం. ఇప్పటికే ఇంట్లో కుక్క ఉంటే వసారాలోనే ఉంచండి, పడకగది తలుపు మూసి ఉంచండి. వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే ప్రోటీను కొంత తగ్గుతుంది గాని, రెండుమూడు రోజులే.

ఆ విద్యార్థి చెల్లెలికి పరీక్ష చేయించారు. కుక్క, దుమ్ముపురుగు రెండూ పడవని వచ్చింది. వాడిప్పుడు బడిలో నీళ్ళ ట్యాంకు పక్కన వేపచెట్టు కింద ఉండే ఊరకుక్కకు మధ్యాహ్నం అన్నం పెడుతున్నాడు. గీరినా, కరిచినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలని వాడిచేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. ఇంటికి వెళ్ళగానే చేతులు కడుక్కుని, చొక్కా మార్చి చెల్లెలి దగ్గరకు వెళ్ళమన్నాను. మొన్న మళ్ళీ వచ్చాడు. "సార్, చొక్కా ఒక్కటి మారిస్తే చాలా, నిక్కరు కూడానా?"

రెండూ అని చెప్పాను.